నాలుగో ఊ

కృష్ణగిరి పాతపేటలో మునెప్ప చింతపండు మండీకి దారి అడగాల్సిన పని లేదు. సందు మొదట్లోనే వాసన వచ్చి ముక్కు పట్టుకునేది. ముందు పులుపు, దాని వెనకే ఉప్పు. ఎండలు ముదిరినాయంటే చాలు, మత్తూరు వైపు నుంచీ అంచెట్టి అడవి పల్లెల నుంచీ బండ్లకొద్దీ కాయ దిగేది. ముందు వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చుని పెంకు కొట్టేవాళ్ళు. వెనక కొట్టంలో చెయ్యి తిరిగిన ముగ్గురు మాత్రం ఈనె తీసి, చిన్న కత్తితో పండు చీల్చి, గింజ ఊడబెరికేవాళ్ళు. ఆ పండుకి ఉప్పు పట్టించి లోపలి గదిలో వేస్తే ఏడాదైనా చెడదు.

ఆ లోపలి గది పది అడుగులు నడిస్తే అయిపోతుంది. కిటికీ లేదు. గాలీ వెలుతురూ తగిలితే పండు నల్లబడతాదని మునెప్ప వాళ్ళ తాత అట్ల కట్టించినాడు. ఒకటే వాకిలి. లోపల చింతపండు గోతాలు, ఉప్పు మూటలు, మిగతాదంతా చీకటి.

సోమప్ప పని గోతాల మూతి కుట్టడం. దబ్బనం, పురికోస, ఒక ముక్కాలిపీట, అంతే అతని ఆస్తి. అయితే ఇంకొక పని కూడా ఉండేది, దానికి కూలి లేదు. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్ళకి కన్ను మూతపడేది. చేతిలో కత్తి, కంట్లో నిద్ర, ఇంకేముంది, వేలు తెగేది. అందుకని సోమప్ప ఏదో ఒకటి పెద్దగా చదివి వినిపించేవాడు. తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివినవాడు, గొంతు కూడా బాగుండేది. కానీ ఏం చదవాలన్నదే చిక్కు. పగటిపూట కత చెప్పకూడదని ఆ ప్రాంతమంతా పట్టింపు. పగలు కత చెప్తే యాడో దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారంట. కాబట్టి పంచాంగం, ఎరువుల కాగితాలు, విత్తనాల ప్రకటనలు, ఇట్లాంటివే చదివేవాడు.

ఆ ఎనిమిది తరగతుల చదువు కూడా అక్క నాగక్క పెట్టిన భిక్షే. సోమప్పకి ఆరేండ్లప్పుడు తల్లి పోయింది. నాగక్క చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. ఇదే కొట్టంలో, ఇదే మూలన కూర్చుని, గింజ తీసి తీసి తమ్ముణ్ణి సాకింది. పెళ్ళి చేసుకోమంటే సోమప్ప నవ్వేసేవాడు. అతనికి ఇల్లంటే అక్క, ఊరంటే అక్క.

మండీలో ఆమె మాటే మాట. ఒకసారి లోపలి గదిలో గోతాల వెనక పడుకున్న ఒక కూలామె పిల్లని చూసుకోకుండా తాళం వేసేసినారు. పాపం, రాత్రంతా ఆ చీకట్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అప్పటినుంచీ నాగక్క సాయంత్రం ఒక్కొక్కరి తలా లెక్కపెట్టి బయటికి పంపి, అందరికన్నా ఆఖరున తాను వచ్చి తాళం వేసేది.

1979 ఎండాకాలంలో రష్యా పుస్తకాలు అమ్మే వ్యాను ఒకటి హోసూరు మీదుగా వచ్చి బస్టాండు దగ్గర నిలబడింది. సోమప్ప ఒక నీలం అట్ట పుస్తకం తెచ్చుకున్నాడు. మంచి దళసరి కాగితం. 'తూమనోవ్‌స్క్: ఒక ద్వీప పట్టణం - చరిత్ర, ఆర్థిక జీవనం' అని తెలుగులోనే అచ్చేసి ఉంది.

"ఏమప్పా, మళ్ళీ ఎరువుల కాగితమేనా?" అనింది సుబ్బక్క. ముగ్గురిలో పెద్దది ఆమె. "పోయినసారి నువ్వు యూరియా సంగతి చదివితే కూర్చున్న చోటే గురక పెట్టినా."

"ఇది రష్యాది సుబ్బక్కా. సముద్రం నడాన ఒక ఊరు."

సుబ్బక్క చెయ్యి ఆగింది. "కతా? పగలు కత వద్దప్పా. నా మొగుడు బండి కట్టుకుని తళి నుంచి వస్తా ఉండాడు."

"కత కాదు, చరిత్ర. ఆర్థిక జీవనం అని రాసుండాది చూడు. తాలూకాఫీసు కాగితం మాదిరి."

"తాలూకాఫీసు కాగితానికి దారి తప్పేవాళ్ళు లేరులే. చదువు," అనింది నాగక్క.

చదివినాడు. రష్యా దేశం తూర్పు కొసకి పోయి, ఆడ నుంచి ఇంకా పడవలో వారం రోజులు పోతే ఆ దీవి. ఏడు నెలలు మంచు. చెట్టు మొలవదు. మొదట నీటికుక్కల తోలు కోసం వేటగాళ్ళు వచ్చినారు. తోలు అయిపోయినాక వెళ్ళిపోయినారు. తర్వాత సర్కారు చేపల కార్ఖానా పెట్టింది. పడవలు చేప తెస్తే ఆడవాళ్ళు వరసగా నిలబడి కడుపు చీల్చి, ముల్లు తీసి, ఉప్పు పట్టించి పీపాల్లో కుక్కేవాళ్ళు. చీకటి గదుల్లో దాచేవాళ్ళు. ఉప్పు ఓడ రాకపోతే ఆ ఏడాది ఊరికి తిండి లేదు.

"అచ్చం మన పనే కదన్నా," అనింది కోటమ్మ. అంచెట్టి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. "వాళ్ళకి ముల్లు, మనకి గింజ."

ఇంతవరకూ బాగానే జరిగింది. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. ఉప్పు కలిపే ఆమె పేరు యెవ్‌దోకియా స్తెపనోవ్నా. పాటలు పాడే పిల్ల ప్రస్కోవ్యా. ఆడవాళ్ళ మీద మేస్త్రీ పేరు అన్‌ఫీసా కిరిల్లోవ్నా. సోమప్ప నోట్లో అవి చింతగింజల మాదిరి దొర్లినాయి.

"అన్నా, నువ్వు ఆ పేరు పలికేలోగా నేను ఒక బుట్ట గింజ తీసేసినా," అని కోటమ్మ నవ్వింది.

"అయితే ఒక పని చేస్తా. ఉప్పు కలిపే ఆమె మన సుబ్బక్క. పాటల పిల్ల కోటమ్మ. మేస్త్రీ ఎవరో చెప్పల్లా? సాయంత్రం అందర్నీ లెక్కపెట్టి పంపించి తాను ఆఖరున వచ్చేదంట. మా అక్కే! ఆ ఊరి పేరు కూడా తుమ్మనూరు అనుకుందాం."

"మా చిన్నమ్మోళ్ళ ఊరి పేరు మాదిరే ఉండాది," అని సుబ్బక్క ముచ్చటపడింది. నాగక్క అయితే కొంగు సర్దుకుని, "ఊఁ, మేస్త్రీకి కూలి ఎంతంటరా?" అని నిక్కింది. అందరూ పడి పడి నవ్వినారు.

ఆ నవ్వులో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. అంతదాకా వాళ్ళు ఊరికే విన్నారు. పేర్లు మార్చినాక, సోమప్ప ఒక్కొక్క మాట ఆపినప్పుడల్లా, అడగకుండానే, ముగ్గురూ ఊ కొట్టడం మొదలుపెట్టినారు.

చరిత్రకి ఊ కొట్టేవాళ్ళు ఎవరుంటారు? అది కత అయిపోయింది.

నాలుగో రోజు. మిట్టమధ్యాహ్నం. ముందు వాకిట్లో వాళ్ళు అన్నాలకి పోయినారు. వీధిలో కాకి కూడా అరవడం లేదు. రేకుల మీద ఎండ టిక్కు టిక్కుమంటా ఉంది. సోమప్ప చదువుతున్నాడు.

"తెల్లారుజామున కార్ఖానా గంట మోగేది. నాగక్క లాంతరు పట్టుకుని వాకిట్లో నిలబడేది."

"ఊ," అనింది సుబ్బక్క.

"ఊ," అనింది కోటమ్మ.

"ఊ," అనింది నాగక్క.

"ఊ."

సోమప్ప తల ఎత్తినాడు. ముగ్గురూ తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. గోడలకి తగిలి తిరిగొచ్చిందేమో అనుకున్నాడు. ఇంకో వాక్యం చదివినాడు. ఒకటి, రెండు, మూడు... నాలుగు. నాలుగోది లోపలి గదిలో నుంచి. ఆడగొంతే. కానీ బాగా చలిలో నిలబడినవాళ్ళు పళ్ళు బిగబట్టి అన్నట్టు ఉంది.

చెప్పలేదు సోమప్ప. చెప్తే నవ్వుతారని. ఆ సాయంత్రం ఉప్పు మూటలు చూస్తే అడుగున తడి. నిప్పులు చెరిగే ఎండల్లో, చుక్క వాన లేని చోట, ఉప్పు నీళ్ళు కారుతా ఉంది. గచ్చు మీద అరికాలి గుర్తులు నాలుగైదు, ఆరిపోయి తెల్లగా ఉప్పు పూసినాయి. వాసన కూడా మారింది. పులుపు పోయింది. పచ్చి చేప కడిగిన నీళ్ళ వాసన.

"ఎవురమ్మీ ఈడ కాళ్ళు కడిగింది?" అని నాగక్క అందర్నీ కసిరింది. గుర్తులు లోపల నుంచి బయటికి ఉన్నాయి. బయట నుంచి లోపలికి లేవు. ఆ సంగతి సోమప్ప ఒక్కడే గమనించినాడు.

మరుసటి రోజు పుస్తకం ముట్టకూడదనే అనుకున్నాడు. కానీ కోటమ్మ వదిలితే కదా.

"అన్నా, నిన్న యాడో ఆపేసినావు. ఊరు సముద్రం ఒడ్డు నుంచి గట్టు మీదికి మార్చినారంటివి. ఎందుకు మార్చినారు?"

"'ప్రకృతి కారణాల వల్ల' అని ఉండాది. అంతే."

"కింద ఊళ్ళో ఉన్నోళ్ళు ఏమయినారు?"

సోమప్ప పుట తిప్పినాడు. పుటలు రెండు అంటుకుపోయి ఉన్నాయి. చింతపండు చేతులు తగిలి అతుక్కున్నాయో, అచ్చులోనే కోయలేదో. "ఈడ చదివేకి రాదు. పోనీలే, అందరూ ఎక్కేసినారు. సుఖంగా ఉండారు."

ఎవరూ ఊ కొట్టలేదు. ముగ్గురూ కొట్టలేదు. లోపల నుంచి కూడా రాలేదు.

"ఇట్లియ్యిరా," అని నాగక్క పుస్తకం లాక్కుని, గింజ తీసే కత్తితో పుటలు రెండూ పండు చీల్చినంత నాజూగ్గా విడదీసి ఇచ్చింది. "చదువు. మేస్త్రీ ఏం చేసిందో నాకు తెలియల్ల."

సోమప్ప చదివినాడు. చదవకుండా ఉంటే ఎంత బాగుండు!

ఆ రోజు తెల్లారుజామున భూమి అదిరింది. సముద్రం వెనక్కి పోయింది. బురదలో చేపలు ఎగిరెగిరి పడినాయి. గంట కొట్టినారు. ఆడవాళ్ళంతా మంచులో గట్టెక్కడం మొదలుపెట్టినారు. మంచులో దారి కనపడదని ఒకరి తలగుడ్డ కొస ఒకరు పట్టుకుని...

"ఊ," అన్నారు ముగ్గురూ.

"ఊ..."

ఈసారి ఒక గొంతు కాదు. లోపలి గదిలో నుంచి, మెల్లగా, ఒకరి వెనక ఒకరు. ఊ... ఊ... ఊ... గోతాల వెనక నుంచి, ఉప్పు మూటల వెనక నుంచి, ఇంకా వెనక నుంచి. గోడ ఉండాల్సిన చోటుకి చాలా అవతల నుంచి.

సుబ్బక్క చేతిలో కత్తి జారిపడింది. "వినిపించిందా?" అని గుసగుసగా అనింది. "చెప్పినా కదరా... పగలు వద్దని. దారి తప్పినారు. గట్టెక్కేవాళ్ళు దారి తప్పి ఈడికి వచ్చినారు."

"ఆపెయ్ అన్నా," అనింది కోటమ్మ. గోడకి అంటుకుపోయింది.

సోమప్ప అప్పటికే తర్వాతి వాక్యం చూసేసినాడు. 'గట్టు మీద అన్‌ఫీసా కిరిల్లోవ్నా లెక్కపెట్టింది. ఒకరు తక్కువ. ఆమె మళ్ళీ కిందికి దిగింది. అల ఆ తర్వాత వచ్చింది.'

ఆ పేరు ఆ పేరుగానే చదివేస్తే చాలని తోచింది. పోయేది ఆ రష్యా ఆమె. ఎప్పుడో పోయింది. నాలుక తిప్పినాడు. "అ... అన్..." మళ్ళీ తిప్పినాడు. నాలుక మీద ఉప్పు. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే.

"నాగక్క లెక్కపెట్టింది. ఒకరు తక్కువ."

పుస్తకం మూసినాడు. అయినా ఆగలేదు. లోపల నుంచి అడిగినట్టు వచ్చింది.

"ఊ...?"

"అంతే," అన్నాడు సోమప్ప. "అంతే, అయిపోయింది. పోండి."

"ఊ...?"

నాగక్క లేచి నిలబడింది. ఆమె మొహంలో భయం లేదు. సాయంత్రం తలలు లెక్కపెట్టేటప్పుడు ఉండే మొహం. అది చూసే సోమప్పకి ఎక్కువ భయమేసింది.

"ఒకరు తక్కువంటే లోపలే ఉండిపోయిందిరా," అనింది.

"అక్కా, లోపల ఎవురూ లేరు. అది కత."

"ఏడుస్తా ఉండాది సోమా. నీకు వినిపించలేదా? పసిపిల్ల గొంతు. తాళం పడిన ఆ పొద్దు మన పిల్ల కూడా రాత్రంతా ఇట్లే ఏడ్చింటాది."

"అక్కా, వద్దు... అక్కా!"

లేవాలనుకున్నాడు. కాళ్ళు రాలేదు. మోకాళ్ళ దాకా చల్లటి నీళ్ళలో దిగబడినట్టు. వంగి చూస్తే పొడి గచ్చే. చెయ్యి చాచినాడు. అక్క కొంగు కొస వేళ్ళకి తగిలింది. పట్టుకున్నాడు. తడిసి ముద్దగా ఉంది. జారిపోయింది.

నాగక్క లోపలికి పోయింది.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆమె గొంతు. "సోమా... ఈడంతా మంచురా. వాకిలి యాడుంది?"

"ఈడే అక్కా! నా గొంతు విని రా!"

"మాట ఆపద్దు. చెప్తా ఉండు. ఊ కొడతా వస్తా."

ఇంక సోమప్ప చెప్పినాడు. ఏడుస్తా చెప్పినాడు. "నాగక్కకి ఆ పిల్ల దొరికింది."

"ఊ."

"చెయ్యి పట్టుకుంది. గట్టెక్కుతా ఉంది."

"ఊ..." కొంచెం దూరం నుంచి.

"పైన లాంతరు కనపడింది. వచ్చేస్తా ఉంది. వచ్చేసింది అక్కా, వచ్చేసింది!"

"ఊ..."

పది అడుగుల గది. ఆ ఊ ఫర్లాంగు అవతల నుంచి వచ్చింది. తర్వాతిది ఇంకా అవతల నుంచి. సోమప్ప ఎంత గట్టిగా చెప్తే అంత దూరం పోయింది. ఆఖరున దోమ రొద మాదిరి ఒకటి... తర్వాత పెద్ద గాలి తోసినట్టు తలుపు తనంతట తానే మూసుకుంది.

మునెప్ప వచ్చి, మనుషుల్ని పిలిచి, గోతాలన్నీ బయటికి మోయించినాడు. గది ఖాళీ. నేల తడి. ఉప్పు మూటలన్నీ కరిగిపోయి వట్టి గోనెలు మిగిలినాయి. పోలీసులు వచ్చినారు. సుబ్బక్కని, కోటమ్మని విడివిడిగా అడిగినారు. ఇద్దరూ ఒకటే చెప్పినారు, ఎవరూ నమ్మలేదు. నీళ్ళలో పడిందేమోనని డ్యాం దగ్గర రెండు రోజులు వెతికినారు. ఆ గదికి మునెప్ప బయట గడియ వేయించినాడు, మళ్ళీ ఎవరూ తెరవలేదు. కోటమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. సుబ్బక్క ఆ మీదట ఎవరి మాటకీ ఊ కొట్టలేదు. మనవడు కత చెప్పమన్నా సరే.

సోమప్ప మాత్రం మండీ వదల్లేదు. హోసూరులో కొత్త కార్ఖానాలు వచ్చినాయి, వాచ్‌మన్ పని ఇప్పిస్తామన్నా పోలేదు. ప్రతిరోజూ మిట్టమధ్యాహ్నం, అందరూ అన్నాలకి పోయినాక, లోపలి గది వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. పుస్తకం అక్కర్లేదు. "నాగక్క గట్టెక్కుతా ఉంది" అని మొదలుపెట్టేవాడు. చెవి తలుపుకి ఆనించి వినేవాడు.

మొదటి ఏడు ఏమీ లేదు. రెండో ఏడు, ఎక్కడో, ఎంతో దూరాన, ఒక ఊ. అక్క గొంతే. సోమప్ప ఆ రోజు వీధిలో కనపడినవాళ్ళకంతా బెల్లం పంచినాడు. మూడో ఏడు కొంచెం దగ్గర. ఇంకో ఏడు, ఇంకొంచెం. దారి చెప్తా ఉంటే మనిషి వస్తుంది, ఎన్నేండ్లయినా వస్తుంది, అని అతని నమ్మకం.

1986లో, కాయల బండితో అంచెట్టి నుంచి కోటమ్మ వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. వాకిట్లోనే నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు.

"ఇంకా చెప్తా ఉండావంట కదన్నా?"

"వచ్చేసిందమ్మా!" సోమప్ప మొహం వెలిగిపోయింది. "నిన్న తలుపు వెనకే ఊ కొట్టింది. ఊపిరి కూడా తగిలింది, చల్లగా. రేపో ఎల్లుండో గడియ తీసేస్తా. వాళ్ళందర్నీ కూడా తోడుకుని వస్తా ఉంది. ఆమె వెనక వరసగా ఊ కొడతా వస్తా ఉండారు. నలభై దాకా లెక్కపెట్టినా."

కోటమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాగక్క ఊ ముందు వస్తాదా అన్నా, ఆఖరున వస్తాదా?"

"ముందే. తలుపుకి ఆనుకునే."

"నాగక్క ఎప్పుడైనా ముందు వచ్చిందా అన్నా?" అనింది కోటమ్మ. "అందర్నీ పంపించి ఆఖరున వచ్చే మనిషి కదా. పుస్తకంలోనూ అంతే కదా. మరి ఆ గొంతుతో... ముందు వచ్చేది ఎవురు?"

సోమప్ప తలుపు వైపు తిరిగినాడు. కోటమ్మ బండి ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అతను పీట దూరంగా జరుపుకుని కూర్చున్నాడు. చేతిలో దబ్బనం అట్లే ఉంది. వీధిలో కాకి కూడా అరవడం లేదు. రేకుల మీద ఎండ టిక్కు టిక్కుమంటా ఉంది. ఏడేండ్లలో మొదటిసారి, సోమప్ప నోరు తెరవలేదు. కత మొదలుపెట్టలేదు.

తలుపు వెనక నుంచి, అక్క గొంతుతో, మెల్లగా...

"ఊ."

ఇవతలి వైపు గడియ తడిగా ఉంది.